జారాల్సిన చోటే జారాలి

కేరళలోని అలప్పుళలో 1940లలో ఒక వాద్యాల దుకాణం ఉండేది. హార్మోనియంలు చెయ్యడం, చెడిపోతే బాగుచెయ్యడం వాళ్ళ పని. ఊళ్ళో ఒక స్టూడియో ఆయన తన కెమెరా తిత్తి పాడైతే దాన్ని తెచ్చి ఈ దుకాణంలోనే ఇచ్చారు. గాలి బయటికి పోకుండా తిత్తికి మడతలు పెట్టగల చేతులకు, వెలుతురు లోపలికి రాకుండా మడతలు పెట్టడం కొత్త విద్యేమీ కాదు. ఆ రిపేరుతో మొదలైన పని అక్కడితో ఆగలేదు. ఆ ఇంటి కొడుకు కె. కరుణాకరన్ టేకు చెక్క, ఇత్తడి బిగింపులతో సొంతంగా కెమెరాలే తయారుచేశారు. వాటికి వాగీశ్వరి అని పేరు. కొన్ని దశాబ్దాల పాటు ఎన్నో స్టూడియోల్లో ఆ కెమెరాలు పనిచేశాయి.

మన ఊళ్ళలో వీటిని స్టాండు కెమెరాలు అన్నారు. మూడు కాళ్ళ స్టాండు, ముందు ఇత్తడి లెన్సు, మధ్యలో తిత్తి, వెనక గరుకు గాజు, దాని మీద కప్పుకునే నల్లగుడ్డ. పదో తరగతి గ్రూప్ ఫోటోలు, కొత్త దంపతుల ఫోటోలు వీటితోనే తీశారు. ఫిల్ము రోళ్ళు, ఆ తర్వాత డిజిటల్ కెమెరాలు వచ్చాక ఇవి అటకలెక్కాయి. సికిందరాబాదులో స్టూడియో పెట్టి ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీన్‌దయాళ్ (1844–1905) గాజు ప్లేట్లు రెండు వేలకు పైగా ఇవాళ ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి. ప్లేట్లను దాచుకోవాలన్న ఎరుక మనకు వచ్చింది. వాటిని తీసే యంత్రాల మీద ఆ ఎరుక ఇంకా రాలేదు.

ఇప్పుడు కొందరు కుర్రవాళ్ళు తాతల కాలపు కెమెరాలను కిందికి దించుతున్నారు. కారణం ఉంది. 35 మిల్లీమీటర్ల ఫిల్ము మీద పడే బొమ్మ కంటే, 4 అంగుళాలు వెడల్పు 5 అంగుళాలు పొడవు ఉన్న ఫిల్ము మీద పడే బొమ్మ వైశాల్యంలో దాదాపు 15 రెట్లు పెద్దది. ఆ నెగెటివ్‌లో కనపడే వివరం, ఆ నెమ్మదితనం ఒకసారి అలవాటైతే వదలవు. అయితే దించగానే చాలామంది చేసే మొదటి పని నాకు బాధ కలిగిస్తుంది. దుమ్ము దులుపుతారు, మర తిప్పుతారు, బిగుసుకుపోయిందని తెలియగానే నూనె సీసా తెస్తారు. యాభై ఏళ్ళు అటక మీద క్షేమంగా ఉన్న కెమెరా ఆ ఒక్క సాయంత్రంతో పాడవుతుంది.

పెద్ద కెమెరాలో నూనె కోరే చోట్లు చాలా తక్కువ. నూనె తగలకూడని చోట్లే ఎక్కువ. ఏ భాగం జారాలో, ఏ భాగం పట్టుకుని నిలబడాలో తెలుసుకోవడమే ఈ పనిలో సగం.

షట్టర్ లోపల

కెమెరా మొత్తంలో నిజంగా యంత్రం అనదగ్గది షట్టరే. అందుకే నష్టం కూడా ఎక్కువగా అక్కడే జరుగుతుంది. పాత స్టాండు కెమెరాల్లో చాలావాటికి అసలు షట్టరే ఉండదు. లెన్సు మూత తీసి, మనసులో లెక్కపెట్టి, మళ్ళీ మూత పెట్టేవారు. అలాంటి కెమెరా మీ ఇంట్లో ఉంటే అదృష్టం, ఆ భాగంలో చెడిపోయేది ఏదీ లేదు. షట్టర్ ఉంటే మాత్రం కాస్త ఆగి, లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవాలి.

1912లో మ్యూనిక్ నగరంలోని ఫ్రీడ్రిష్ డెకెల్ కర్మాగారం కాంపుర్ షట్టర్‌ను తెచ్చింది. అంతకు ముందు వాళ్ళే చేసిన కాంపౌండ్ షట్టర్‌లో నిదానపు వేగాలను గాలి నడిపించేది: చిన్న గొట్టంలో ఒక పిస్టన్, దాని కదలికను ఆపే గాలి, అంతే. కాంపుర్‌లో గాలి స్థానంలోకి గడియారపు పళ్ళచక్రాలు వచ్చాయి. మీట లాగినప్పుడు స్ప్రింగు బిగుస్తుంది. బొత్తాం నొక్కగానే ఆ స్ప్రింగు ఒక వలయాన్ని తిప్పుతుంది, వలయం పలచని ఉక్కు రేకులను తెరుస్తుంది. ఒక సెకను, అర సెకను లాంటి వేగాల్లో ఆ వలయం నేరుగా వెనక్కి రాకుండా పళ్ళచక్రాల వరుస అడ్డుపడి, అనుకున్నంత సేపు ఆలస్యం చేస్తుంది. తర్వాతి కాలంలో జపాన్ నుంచి వచ్చిన కోపాల్ షట్టర్లలోనూ నిదానపు వేగాలకు పళ్ళచక్రాలే.

ఇవాళ మన చేతికి వచ్చే పెద్ద కెమెరా లెన్సుల్లో ఎక్కువ భాగం కోపాల్ 0, 1, 3 సైజుల్లో ఉంటాయి. 0 సైజు షట్టర్ 1/500 సెకను దాకా వెళ్తుంది, 1 సైజు 1/400 దాకా, పెద్దదైన 3 సైజు 1/125 దాకా. రేకులు పెద్దవైన కొద్దీ వాటిని కదిలించడానికి పట్టే సమయం పెరుగుతుంది కాబట్టి ఈ తేడా.

ఇక జబ్బు సంగతి. గ్రీజు అంటే సబ్బు లాంటి చిక్కటి పదార్థంలో నూనెను నిలిపి ఉంచినదే. ఏళ్ళు గడిచేకొద్దీ నూనె విడిపోయి పాకుతుంది, చిక్కటి భాగం ఎండి గట్టిపడుతుంది. ఎండిన గ్రీజు పళ్ళచక్రాల ఇరుసులను పట్టుకుంటుంది. పాకిన నూనె రేకుల మీదికి చేరుతుంది. అంటే నూనె అవసరమైన చోట లేకుండా పోయి, అక్కర్లేని చోట పేరుకుంటుంది. ఒక సెకను పెడితే రెండు సెకన్లు తెరుచుకుని ఉండడం మొదటి రకం జబ్బు. రేకులు సగం తెరుచుకుని అతుక్కుపోవడం రెండో రకం. రెండు పలచని రేకుల మధ్య సన్నని నూనె పొర చేరితే వాటిని విడదీయడానికి స్ప్రింగు బలం సరిపోదు.

జబ్బు ఏదో తెలుసుకోవడానికి ఇవాళ పెద్ద పరికరాలు అక్కర్లేదు. ఒక సెకను వేగం పెట్టి, షట్టర్ పక్కన ఫోను ఉంచి శబ్దం రికార్డు చెయ్యండి. తెరుచుకున్న చప్పుడుకు, మూసుకున్న చప్పుడుకు మధ్య దూరాన్ని ఏ ఆడియో యాప్‌లోనైనా కొలవొచ్చు. ఒక సెకనుకు బదులు ఒకటింపావు సెకను వస్తే తేడా స్టాపులో (వెలుతురు రెట్టింపయ్యే కొలతలో) మూడో వంతు మాత్రమే, కంగారు పడాల్సిన పని లేదు. రెండు సెకన్లు వస్తే పూర్తి స్టాపు ఎక్కువ వెలుతురు పడుతోందని అర్థం. ఫోనులో సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్ ఉంటే 1/30 వరకూ రేకుల కదలికను కంటితోనే చూడొచ్చు. అంతకు మించిన వేగాలకు ఆ పద్ధతి నమ్మదగ్గది కాదు.

చెవి కూడా మంచి పరికరమే. మంచి షట్టర్ ఒక సెకనులో మొదటి నుంచి చివరి వరకూ ఒకే శ్రుతిలో రొద చేస్తుంది. మధ్యలో ఆ రొద మందగించి మళ్ళీ పుంజుకుంటే ఇరుసుల్లో గ్రీజు ఎండిందని చెప్పొచ్చు. పదిసార్లు నొక్కాక బాగుపడి, వారం తర్వాత మళ్ళీ మొదటికి వస్తే ఇక అనుమానం అక్కర్లేదు.

అప్పుడు చెయ్యాల్సింది కడగడం. లెన్సు ముందు గాజు, వెనక గాజు చేత్తో తిప్పితే ఊడివస్తాయి. ముందు గాజుకూ షట్టర్‌కూ మధ్య కొన్నిటిలో బాగా పలచని లోహపు వలయం ఉంటుంది. అది పోతే రెండు గాజుల మధ్య దూరం మారి లెన్సు పదును తగ్గిపోతుంది, కాబట్టి ముందు దాన్ని జాగ్రత్త చెయ్యాలి. గాజులు తీసేశాక షట్టర్‌ను విప్పి, పళ్ళచక్రాల భాగాన్ని సిగరెట్ లైటర్లలో పోసే నాఫ్తాతో కడిగి ఆరబెట్టాలి. కిటికీలు తెరిచి, దగ్గర్లో దీపం, పొయ్యి లేకుండా చూసుకోవాలి. విప్పకుండా మొత్తం షట్టర్‌ను నాఫ్తాలో ముంచి తీసేవాళ్ళున్నారు. నాకు ఆ పద్ధతి మీద నమ్మకం లేదు. ఒకచోటి మురికి కరిగి ఇంకోచోట పలచగా పరుచుకుంటుంది, కొన్ని నెలలు బాగానే నడిచి మళ్ళీ మొరాయిస్తుంది. అసిటోన్ మాత్రం దగ్గరికి రానివ్వకూడదు. పాత కాంపౌండ్ లాంటి షట్టర్లలో కొన్ని రేకులు లోహంతో కాక గట్టి రబ్బరుతోనో, నార అట్టతోనో చేసినవి ఉంటాయి.

కడిగాక నూనె. గడియారాలకు వాడే సింథటిక్ నూనెను సూది మొనతో ముట్టి, ఆ మొనను ఇరుసు చివర తగిలించాలి. ఇరుసు తిరిగే రంధ్రంలో మెరుపు కనిపిస్తే చాలు. పళ్ళకు నూనె పెట్టకూడదు. రేకులకు అసలే పెట్టకూడదు. లెన్సు రంధ్రాన్ని చిన్నదీ పెద్దదీ చేసే ఐరిస్ రేకులకూ అంతే, అవి పూర్తిగా పొడిగా ఉండాలి. నూనె జిగురుకు ఐరిస్ బిగిసినప్పుడు మీటను బలంగా తిప్పితే రేకుల కొనలకు ఉండే చిన్న మేకులు ఊడిపోతాయి. ఆ తర్వాత అలాంటి లెన్సు ఇంకోటి దొరికితే దాని విడిభాగాలు తీసుకోవడమే దారి. గాలితో నడిచే కాంపౌండ్ గొట్టంలో, రబ్బరు బంతి నొక్కితే తెరుచుకునే షట్టర్ గొట్టంలో కూడా నూనె వెయ్యకూడదు. పిస్టన్ గొట్టానికి అంటుకుని వేగమంతా తప్పుతుంది.

ఈ పనికి చేతులు స్థిరంగా లేకపోతే, అలవాటు లేకపోతే, ముందు పనికిరాని షట్టర్ మీద నేర్చుకోవడం మంచిది. లేదా పాత గడియారాలు బాగుచేసేవాళ్ళను అడగండి. వాళ్ళ దగ్గర సరైన నూనె, సరైన స్క్రూ డ్రైవరు, అన్నిటికంటే ముఖ్యంగా ఆ ఓర్పు ఉంటాయి.

నడిపే పద్ధతిలోనూ ఒక జాగ్రత్త ఉంది. పాత కాంపుర్లలో అన్నిటికంటే ఎక్కువ వేగానికి అదనంగా ఇంకో స్ప్రింగు పనిచేస్తుంది. మీట లాగాక ఆ వేగానికి తిప్పకూడదు, ముందు వేగం పెట్టి ఆ తర్వాతే మీట లాగాలి. పని అయ్యాక మీట లాగి వదిలెయ్యకుండా స్ప్రింగును సడలించే దాచాలి.

ఇంట్లో ఉండే నూనెలు

కెమెరా బిగిసిందనగానే ఇంట్లో అందరికీ గుర్తొచ్చేది కుట్టుమిషన్ నూనె. కుట్టుమిషన్‌కు అది సరైనదే. మిషన్‌కు తరచూ కొత్త నూనె వేస్తూ ఉంటాం, పాతది గుడ్డ పీచుతో బయటికి పోతుంది. షట్టర్ మూసిన పెట్టె. అందులో ఒకసారి వేసింది ఏళ్ళ తరబడి అక్కడే ఉండాలి, కదలకుండా ఉండాలి. అంత పలచని నూనె కదలకుండా ఉండదు, నేరుగా రేకుల మీదికి పాకుతుంది.

కొబ్బరినూనె 24 డిగ్రీల కంటే చల్లబడితే గడ్డకడుతుంది. డిసెంబరు పొద్దున ఆదిలాబాద్‌లో అది ఏ యంత్రాన్నీ కదలనివ్వదు. ఆముదం బండి ఇరుసులకు మేలైన కందెన, మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాల ఇంజన్లు కూడా ఆముదం మీద నడిచాయి. కానీ గాలి తగిలిన కొద్దీ అది జిగురవుతుంది. బండి ఇరుసుకు మళ్ళీ మళ్ళీ పూస్తాం కాబట్టి అక్కడ చెల్లుతుంది. సైకిలు చెయిన్లు కడిగే కిరోసిన్ ఆరిపోయాక కూడా జిడ్డు పొర వదిలిపోతుంది, కాబట్టి కడగడానికి అది పనికిరాదు.

హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే డబ్ల్యూడీ-40 డబ్బా గురించి విడిగా చెప్పాలి. 1953లో అమెరికాలో లోహం మీద తేమ నిలవకుండా, తుప్పు పట్టకుండా తయారైన ద్రవం అది. నీటిని తరిమేందుకు చేసిన 40వ ప్రయత్నం కాబట్టి ఆ పేరు. అట్లాస్ క్షిపణుల పైపొరను కాపాడడానికి వాడారు. ఆ పనిలో అది గొప్పది. షట్టర్‌లోకి కొడితే అందులోని పలచని ద్రావకం ఎగిరిపోయి నూనె మిగులుతుంది, అది రేకుల మధ్యకు, లెన్సు గాజుల లోపలి ముఖాల మీదికి చేరుతుంది. మొదటి అరగంట షట్టర్ అద్భుతంగా నడుస్తుంది. మోసమంతా ఆ అరగంటలోనే ఉంది.

చెక్క, ఇత్తడి, మైనం

షట్టర్ దాటి కెమెరా ఒంటి మీదికి వస్తే పని సులువు, ఆనందం కూడా. కెమెరా పీఠం మీద ఇత్తడి పళ్ళపట్టీ ఉంటుంది, దాని మీద చిన్న పళ్ళచక్రం. పక్కనున్న మర తిప్పితే లెన్సు ముందుకో వెనక్కో కదులుతుంది. ఈ పళ్ళకు గ్రీజు పూయాలని ఎవరికైనా అనిపిస్తుంది. మన ఊళ్ళ దుమ్ములో గ్రీజు పూసిన పళ్ళపట్టీ వాల్వులు అరగదీసే పేస్టు రాసినట్టే పనిచేస్తుంది. ఇసుక రేణువులు గ్రీజులో చిక్కుకుని మెత్తటి ఇత్తడిని తిప్పిన ప్రతిసారీ కొంచెం కొంచెంగా తినేస్తాయి. పాత టూత్‌బ్రష్‌ను నాఫ్తాలో ముంచి పళ్ళ మధ్య ఎండిన నల్లటి మురికిని తీసెయ్యండి. చెక్క కెమెరాల్లో చాలాసార్లు అంతకు మించి ఏమీ అక్కర్లేదు.

చెక్క మీద చెక్క జారే గాడులకు మైనం రాయాలి. తేనెమైనం ఉంటే మంచిది, లేకపోతే తెల్ల కొవ్వొత్తి. గాడి పొడవునా ఒకసారి రుద్ది, నూలు గుడ్డతో గట్టిగా తుడిచెయ్యాలి. చేతికి అంటకూడదు, కంటికి కనపడకూడదు. నూనె అయితే చెక్కలోకి ఇంకి నల్లమచ్చ చేస్తుంది, చెక్క ఉబ్బి ముందుకంటే ఎక్కువ బిగుస్తుంది. లిన్‌హాఫ్ లాంటి లోహపు కెమెరాల్లో లోహం మీద లోహం జారే పట్టాలకు మాత్రం తెల్ల లిథియం గ్రీజు పూసి, మొత్తం తుడిచేసినట్టు తుడిస్తే మిగిలే పొర సరిపోతుంది.

నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది బిగింపు మరల గురించి. లెన్సు పలకను పైకీ కిందికీ జరిపి, వంచి, తిప్పి, ఆ స్థానంలో ఆపడానికే పెద్ద కెమెరా పుట్టింది. ఎత్తయిన గోపురాన్ని వంకర లేకుండా తీయగలిగేది ఆ కదలికల వల్లే. ఆ స్థానం నిలబడేది రెండు ఉపరితలాలు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకోవడం వల్ల. మర గట్టిగా తిరుగుతోందని అక్కడ నూనె చుక్క వేస్తే మర హాయిగా తిరుగుతుంది, పట్టు మాత్రం పోతుంది. బరువైన లెన్సు ఉన్న పలక అర సెకను ఎక్స్‌పోజర్‌లో వెంట్రుక వాసి కిందికి జారుతుంది. నెగెటివ్‌లో బొమ్మ మసకబారుతుంది, కారణం ఎంత వెతికినా దొరకదు. అందుకే మర దారాలకు కావాలంటే మైనం ముట్టించొచ్చు గానీ, ఒకదాన్నొకటి అదిమి పట్టే ముఖాలు మాత్రం పొడిగా, శుభ్రంగా ఉండాలి. అప్పటికే ఎవరో నూనె వేసి ఉంటే నాఫ్తా తడిపిన గుడ్డతో ఆ ముఖాలను తుడిచి పొడిగా వదిలెయ్యాలి.

ఇక్కడ స్పిరిటు ఎందుకు చెప్పలేదంటే, పాత కెమెరాల చెక్కకు మెరుగు లక్కతో పెట్టినది. ఇత్తడికి కూడా చాలావరకు అదే పూత. లక్క ఆల్కహాలులో కరుగుతుంది. శానిటైజరు రాసిన చేతులతో ముట్టుకున్నా మెరుగు మీద వేలిముద్ర పడిపోతుంది. ఇత్తడి నల్లబడిందని పండక్కి చెంబులు తోమినట్టు తోమకండి. తోమితే ముందు పోయేది ఆ పూతే, దాని తర్వాత ప్రతి నెలా తోమాల్సి వస్తుంది.

స్క్రూలు విప్పాల్సి వస్తే స్క్రూ గాడి వెడల్పుకు సరిగ్గా సరిపోయే డ్రైవరు ఉండాలి, ఇత్తడి మెత్తన. తిరిగి బిగించేటప్పుడు ముందు వెనక్కి తిప్పండి. ఒకచోట టక్‌మని చిన్నగా కిందికి దిగుతుంది. చెక్కలో పాత దారం దొరికిన చోటు అది. అక్కడి నుంచి ముందుకు తిప్పితే స్క్రూ తన దారిలోనే వెళ్తుంది, కొత్త దారం కోసి చెక్కను వదులు చెయ్యదు. అప్పటికే వదులైతే సన్నని వెదురు పుల్లను జిగురుతో రంధ్రంలో దింపి, ఆరాక బిగించాలి.

తిత్తికి నూనె రాయకూడదు. తోలు మెత్తబడుతుందని కొబ్బరినూనె రాస్తే మడతల జిగురు ఊడుతుంది, బూజుకు ఆహారం దొరుకుతుంది. తోలులోని కొవ్వు ఇత్తడికి తగిలిన చోట పచ్చటి మైనం లాంటి చిలుము కడుతుంది. చీకటి గదిలో చిన్న టార్చి తిత్తిలో పెట్టి, బయట నుంచి మూలలు చూడండి. మొదట చిల్లులు పడేది మూలల్లోనే. ఒకటో రెండో అయితే లోపలి నుంచి నల్లటి పలచని గుడ్డ ముక్క అతికించొచ్చు. పదుల్లో కనిపిస్తే కొత్త తిత్తి చేయించుకోవాల్సిందే.

గరుకు గాజు దగ్గర ఒక కొలత ముఖ్యం. 4×5 ఫిల్ము పట్టే హోల్డర్‌లో ఫిల్ము కూర్చునే లోతు ప్రమాణం ప్రకారం 0.197 అంగుళాలు, అంటే దాదాపు 5 మిల్లీమీటర్లు. గరుకు గాజు గరుకు ముఖం కూడా కచ్చితంగా అందులో కూర్చున్న ఫిల్ము ముఖం ఉండే లోతులోనే ఉండాలి. శుభ్రం చెయ్యడానికి గాజును విప్పినప్పుడు కింద కాగితం ముక్కలు, పలచని రేకులు కనిపిస్తే మురికి అనుకుని పారెయ్యకండి, ఆ లోతు కోసం ఎవరో పెట్టినవి అవి. హోల్డర్‌ను పట్టి ఉంచే స్ప్రింగులకు, హోల్డర్ నోటి దగ్గరుండే మఖమలుకు నూనె వాసన కూడా తగలకూడదు, అక్కడి నుంచి ఫిల్ము ఒక్క అడుగే.

రోహిణి కార్తె, శ్రావణ మాసం

మన వాతావరణం ఈ కెమెరాలకు రెండు వైపుల నుంచీ పరీక్ష పెడుతుంది. రోహిణి కార్తెలో రెంటచింతల ఎండకు కారు డిక్కీలో కెమెరా పెట్టి వదిలితే షట్టర్‌లోని గ్రీజు పలచబడి పాకడానికి ఒక్క మధ్యాహ్నం చాలు. చెక్క ఎండి కీళ్ళు వదులవుతాయి. వానాకాలం వచ్చేసరికి అదే చెక్క ఉబ్బి గాడులు బిగుస్తాయి. అలా బిగిసినప్పుడు చెక్కను గీకితే ఎండాకాలంలో వదులైపోతుంది. పది రోజులు పొడి గదిలో ఉంచి అప్పుడు చూడాలి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్ళలో ఉప్పుగాలి ఇత్తడిని, తేమ గాజును పడతాయి. లెన్సులో బూజు మొలిస్తే అది గాజు పూతనే తినేస్తుంది. లెన్సులను తోలు సంచుల్లోంచి తీసి, మూత బిగుతుగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్‌తో ఉంచాలి. ఆ పొట్లాలు తేమ పీల్చాక వాటిని వేడి చేసి ఆరబెట్టి మళ్ళీ వాడాలి. చెక్క కెమెరాను మాత్రం అలాంటి డబ్బాలో మూసిపెట్టకండి. మరీ పొడిగా ఉంటే చెక్క పగులుతుంది. దానికి గాలి ఆడే బీరువా చాలు, తిత్తి మడిచి, నూలు గుడ్డ కప్పి ఉంచితే సరిపోతుంది.

మీ ఇంట్లోనో, తెలిసినవాళ్ళ పాత స్టూడియోలోనో ఇలాంటి కెమెరా ఉంటే మొదటి రోజు ఏదీ విప్పకండి. అన్ని వైపుల నుంచీ ఫోనుతో ఫోటోలు తీసి పెట్టుకోండి, ఏ స్క్రూ ఎక్కడిదో తర్వాత గుర్తు రావడానికి. మెత్తటి కుంచెతో దుమ్ము దులపండి. ప్రతి మరనూ వేళ్ళ బలంతోనే తిప్పి చూడండి, కటింగ్ ప్లేయర్ పట్టకండి. షట్టర్ ఉంటే ఒక్కో వేగాన్నీ రికార్డు చేసి, నిజంగా ఎంతసేపు తెరుచుకుంటోందో చిన్న కాగితం మీద రాసి లెన్సు పలక వెనక అంటించండి. 1 అన్నచోట 1.3, 1/2 అన్నచోట 0.6 వస్తున్నా, ప్రతిసారీ అంతే వస్తుంటే ఆ షట్టర్‌కు ఇప్పుడే రిపేరు అక్కర్లేదు. ఆ లెక్క వేసుకుని ఫిల్ము పెట్టి ఫోటో తీయొచ్చు.